పేపర్ ప్లేట్లు తిరుపతమ్మ తెస్తుంది

నరసరావుపేట,
ఏప్రిల్ 21.

మా అమ్మ నాగులమ్మకి,

ఈ ఉత్తరం పక్కింటి షాహీన్ చదివి వినిపిస్తుంది. షాహీన్, ఎక్కడా ఆపకు, ఏదీ దాటేయకు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావమ్మా. నా మాట నీకంటే ముందు క్వారీలో పలకలు మోసేవాళ్ళందరికీ చేరుతుంది. ఇది నీకు ఒక్కదానికే చెప్పాలి.

రెండేళ్ళుగా నీకు అబద్ధం చెబుతున్నాను.

పరీక్షలు అయిపోయాక మా స్కూలు టీచర్లందరం ఎక్కడికైనా వెళ్ళి, గుడారాలు వేసుకుని రెండు రోజులు ఉండి వస్తామని నీకు తెలుసు. ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒక్కో వంటకం తేవాలి, అన్నీ ఒకచోట పెట్టుకుని అందరూ కలిసి తినాలి. మొదటి ఏడు నువ్వు వేరుశనగ ఉండలు పంపావు. రెండో ఏడు గోంగూర పచ్చడి పంపావు. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారని చెప్పాను. ఎవరూ తినలేదమ్మా. ఆ డబ్బాలు నా సంచిలోంచి బయటికే రాలేదు. తిరిగి వచ్చాక హాస్టల్ వాచ్‌వుమన్ మహాలక్ష్మి పిన్నికి ఇచ్చేశాను. ఆమె సంతోషంగా తింది.

ఎవరేం తేవాలో హైమావతి మేడం ముందే గ్రూపులో లిస్టు పెడుతుంది. ఆవిడ మా అందరికంటే సీనియర్, వాళ్ళకు బజార్లో పెద్ద బట్టల కొట్టు ఉంది. ఒకరికి బొబ్బట్లు, ఒకరికి సాంబారు, ఒకరికి దద్దోజనం. అన్నిటికంటే చివర, 'పేపర్ ప్లేట్లు, వాటర్ బాటిళ్ళు: తిరుపతమ్మ.' హాస్టల్లో ఉంటాను కదా, వండుకునే వీలుండదని అలా రాసిందనుకున్నాను. కానీ నాతోపాటు అదే హాస్టల్లో ఉండే సాయిసాత్వికకు పులిహోర రాసింది. రెండో ఏడు నేనే అడిగాను, "మేడం, మా అమ్మ గోంగూర పంపింది, పెట్టనా?" అని. "ఎందుకమ్మా మీ అమ్మకు శ్రమ? నువ్వు ప్లేట్లు తెస్తే చాలు" అంది. చాలా మర్యాదగా అంది.

కులం పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు. ప్లేట్లు కొట్లో దొరుకుతాయి, సీలు వేసిన నీళ్ళు కొట్లో దొరుకుతాయి. మన పొయ్యి మీద ఉడికింది మాత్రం ఏదీ వాళ్ళ నోటిదాకా పోకూడదు.

ఈసారి ఎత్తిపోతల జలపాతం. నిన్న లిస్టు వచ్చింది. మూడోసారీ నాకు ప్లేట్లే. దాని కిందే రాశాను: 'ప్లేట్లు తేవడం నాకు కుదరదు. నేను వంటకం తెస్తున్నాను.'

అమ్మా, ఎండుచేపల పులుసు చెయ్యి. బాగా కారంగా చెయ్యి. మూత తీస్తే ఎత్తిపోతలంతా వాసన రావాలి. ముందురోజే ఇంటికి వచ్చి, మా బస్సు గురజాల మీదుగా వెళ్ళేటప్పుడు అక్కడే ఎక్కుతాను.

నీ కూతురు,
తిరుపతమ్మ

*

గురజాల,
ఏప్రిల్ 25.

తిరుపతమ్మకి అమ్మ చెప్పి రాయించేది,

ఏమే, రెండేళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేశావే! మా అమ్మాయి స్కూల్లో నా గోంగూర చానా మెచ్చుకున్నారని క్వారీ అంతా చెప్పుకుని తిరిగా. మహాలక్ష్మి తిన్నది గాబట్టి సరిపోయింది. పారబోసుంటే నీ వీపు చీరేసేదాన్ని.

ఎండుచేపలు చెయ్యను. ఇంత చదివినా నీకు తెలివి రాలేదు. చేపలు పెడితే వాళ్ళకి దారి దొరికిద్ది. 'మేం నీచు ముట్టం తల్లీ' అని చేతులు దులుపుకుంటారు. తప్పు మన చేపలదయిద్ది.

నేను మేస్త్రీతో ఎట్టా పోట్లాడతానో చూశావుగా. వాడు చెప్పబోయే సాకులన్నీ ముందే తీసి పక్కన పెడతా, ఆ తర్వాత అడుగుతా. నువ్వూ అదే చెయ్యి. చింతచిగురు పప్పు వండు, ఉల్లీ వెల్లుల్లీ వెయ్యమాక. చిగురు అక్కడి చెట్టుదే కొయ్యి. రొట్టెలు అందరి ముందరే కాల్చు. పిండి, పప్పు ఆ మేడం కాడే అడుగు. నీళ్ళు వాళ్ళ బాటిళ్ళల్లోవే పోసుకో. పెనం కూడా వాళ్ళదే తీసుకో. ఇంక నీ చేతులు తప్ప మనదేముందే అందులో? అప్పుడు తినకపోతే ఎందుకు తినలేదో వాళ్ళ నోటితోనే చెప్పాల.

ఏడవమాక. వాళ్ళ ముందర అసలే వద్దు.

మీ అమ్మ,
నాగులమ్మ

(తిరుపతక్కా, నేను షాహీన్‌ని. పెద్దమ్మ తిట్టిన తిట్లు సగమే రాశా. ఇది చెబుతూ చెబుతూ రెండుసార్లు బయటికెళ్ళి మొహం కడుక్కొచ్చింది. ఆ సంగతి రాయొద్దంది. రాశా.)

*

నరసరావుపేట,
మే 6.

అమ్మా,

నీ మాట సగమే విన్నాను. తిట్టాలనుకుంటే ఉత్తరం మొత్తం విన్నాక తిట్టు.

ఎత్తిపోతల చేరగానే, నువ్వు చెప్పినట్టే పిండి అడగడానికి హైమావతి మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ డబ్బా తీసి నా చేతికి ఇవ్వబోయింది కూడా. తీసుకోలేకపోయాను. పిండి వాళ్ళదైతేనే నా రొట్టె తినదగినదా? అలా తినిపించి గెలిస్తే, మన పిండి ముట్టరానిదని నేనే ఒప్పుకున్నట్టు కదా? నీకు చెప్పకుండా మన డబ్బాలోంచి జొన్నపిండి, కందిపప్పు తెచ్చాను. పెనం కూడా తెచ్చాను. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాను. చేపలు మానేయమన్న మాట మాత్రం విన్నాను. అది నీ తెలివి.

ఒక తమాషా జరిగింది. నీళ్ళ బాటిళ్ళు ఎవరివి వాళ్ళకున్నాయి గానీ, ప్లేట్లు ఎవరూ తేలేదు. కుదరదని నేను రాసినా, ఎలాగూ తెస్తానులే అనుకున్నారట. వంటలన్నీ తెరిచి పెట్టుకుని దేంట్లో తినాలో తెలియక నిలబడ్డారు. లెక్కలు చెప్పే రవిచంద్ర సార్ ఒక గిన్నె మూత తీసుకుని, "ఎవరి మూత వాళ్ళు పట్టుకోండి, వెనకొచ్చినోళ్ళకి గరిటెలే!" అన్నాడు.

నా పప్పు గిన్నె వరస మధ్యలో పెట్టాను. హైమావతి మేడం దాని ముందుకు వచ్చి ఆగి, "శనివారం కదమ్మా, నాకు ఉపవాసం" అంది. వెనకనుంచి ఒకరు జొన్నలు పడవన్నారు. ఇంకొకరు చింతచిగురు వేడి చేస్తుందన్నారు.

"మేడం, రెంటచింతల దాటాక మీరు బస్సులో ఇడ్లీ తిన్నారు" అన్నాను.

అందరూ మా వైపు తిరిగారు. నేను ఆపలేదు. "ఉపవాసం అనకండి. తిరుపతమ్మ ఇంటిది కాబట్టి తిననని చెప్పండి. నేనేం ఏడవను."

"ఏందమ్మా ఆ మాటలు? నిన్నెప్పుడైనా తక్కువగా చూశానా? ఆ ఇడ్లీ నీకూ పెట్టలేదా?"

"పెట్టారు మేడం. మీరు పెడితే నేను తిన్నాను. ఇప్పుడు నేను పెడుతున్నాను."

ఆవిడ అరటిపండు తీసుకుని వెళ్ళి చెట్టు కింద కూర్చుంది. కాసేపటికి సాయిసాత్విక వచ్చి, "అక్కా, ఆ మాడింది నాకు కావాలి" అంటూ పెనం మీద రొట్టెను చేత్తోనే లాక్కుని వేళ్ళు కాల్చుకుంది. రవిచంద్ర సార్ మూత చాపి, "నాకు మాడనిది" అన్నాడు. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. పదకొండు మందిలో నలుగురు తిన్నారమ్మా. ఈసారి లెక్క నిజమే చెబుతున్నాను.

మర్నాడు గుడారాలు విప్పుతుంటే మేడం నా దగ్గరికి వచ్చింది. "అందరి ముందు నా పరువు తీశావు తిరుపతమ్మా" అంది. "నాదీ అందరి ముందే పోయింది మేడం, మూడేళ్ళుగా. మీరు లిస్టులో రాసేవారు, నేను నోటితో చెప్పాను, అంతే తేడా" అన్నాను. ఆవిడ క్షమించమనలేదు. నేనూ అనలేదు.

నువ్వు వద్దన్నట్టే ఏడవలేదు. విపరీతంగా ఆకలి మాత్రం వేసింది. ఇన్నాళ్ళూ అందరికీ అందించి, ఆఖర్న ఒక వారగా నిలబడి తినేదాన్ని. ఆ శనివారం మధ్యాహ్నం నలుగురికీ పెట్టాక వరస మధ్యలోకి వెళ్ళి కూర్చున్నాను. ఒక పక్క సాత్విక ఉంది. రెండో పక్క కూర్చున్నావిడ లేచి దూరంగా జరిగింది. ఆ ఖాళీలోకి హాయిగా కాళ్ళు చాపుకుని మూడు రొట్టెలు తిన్నాను.

నీ కూతురు,
తిరుపతమ్మ