నల్లమేక ఎవరి కోసం

కరాచీ,
శుక్రవారం నమాజు తర్వాత.

సర్వరీకి తుఫైల్ సలాములు.

నువ్వూ, అమ్మాయీ, మనవడూ లాహోరులో క్షేమమని తలుస్తాను. అల్లా దయవల్ల నేనూ క్షేమమే. అయితే ఆ మాట మీద నాకే ఈ మధ్య నమ్మకం పోయింది. ఎందుకో నిదానంగా రాస్తాను.

ముందు నీ ప్రశ్నలు. మోకాలు ఫరవాలేదు, నువ్విచ్చిన ఆవనూనె రాస్తున్నాను. హోటలువాడి రొట్టె చల్లారితే చెప్పుకు అట్ట వేసుకోవచ్చు, అయినా తింటున్నాను. మేడ కారుతోందన్నావు, వానలు ముదరకముందే తాపీమేస్త్రీని పిలిపించు. ఇక సీరియల్లో నా భార్యగా వేసే మెహనాజ్ ఆపా వయసెంతని మళ్లీ అడిగావు. నీకన్నా పెద్దది తల్లీ, ఆవిడ మెట్లెక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఇంకెన్నిసార్లు అడుగుతావు?

అసలు సంగతికి వస్తాను. మా దర్శకుడు బేగ్ సాహెబ్ పద్ధతి ఒకటి నీకు ఇదివరకే రాశాను, నవ్వుకున్నాం కూడా. కథలో ఎవరైనా చనిపోయి, ఆ నటుడి మీద కఫన్ గుడ్డ కప్పాల్సి వస్తే, ముందుగా కీడు తొలగడానికి అతని పేరు మీద ఒక నల్లమేకను సద్కా దానం ఇప్పిస్తాడు. నటుడు మేక తల మీద చెయ్యి పెడతాడు, దాన్ని కోసి మాంసం బీదలకు పంచుతారు. ఉత్తుత్తి చావు చూసి అసలు చావు దారి పట్టకూడదని ఆయన భయం. కథ మాత్రం ఎవరికీ చెప్పడు, ఏ రోజు డైలాగుల కాగితాలు ఆ రోజే. కాబట్టి గేటు దగ్గర మేక కనబడిందంటే మా అందరికీ ముచ్చెమటలు పోస్తాయి.

కిందటి వారం మేక కనబడింది.

నేను భయపడ్డానంటే నవ్వకు. పంజాబీ సినిమాల్లో హీరో చేతిలో తన్నులు తిని, గడ్డివాముల్లో పడి ఎన్నిసార్లు చచ్చానో నీకు తెలుసు. నా కోసం ఎవడూ కోడిని కూడా కోయలేదు. స్టేజీ మీద దొంగగా, తాగుబోతుగా, చీటికీమాటికీ అలిగే మేనత్తగా జుట్టు నెరిసేదాకా ఆడాను. ఒక్కడికీ నా పేరు గుర్తులేదు. ఈ సీరియల్లో చౌదరి హష్మత్ వేషం వచ్చాకే సద్దర్ బజారులో పండ్లవాడు లేచి సలాం చేస్తున్నాడు. ఇది పోతే నేను లాహోరు స్టేజీకి తిరిగి వెళ్లలేను. అక్కడ ఇప్పుడన్నీ డాన్సులే, నాలాంటివాడు తెర లాగడానికి తప్ప పనికిరాడు.

అందుకని మేకను చూసిన రోజు నుంచి అందర్నీ ఓ కంట కనిపెడుతున్నాను. మేకప్పువాడు నా మీసానికి రంగు తక్కువ వేశాడు. ఏమయ్యా అంటే, "పెద్దరికం కనబడాలి కదా సార్" అన్నాడు. నా కొడుకుగా వేసే షెహ్రోజ్ ఎన్నడూ లేనిది వంగి నా చెయ్యి కళ్లకద్దుకున్నాడు. పోయేవాడికి చేసే మర్యాదలా తోచింది. మీగడ టీ మొదట నాకే వచ్చింది. నా డైలాగులు సగానికి తగ్గాయి. బేగ్ సాహెబ్ స్వయంగా, "తుఫైల్ సాహెబ్, అలిసిపోయినట్టున్నారు. కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. నాటకాల కంపెనీల్లో ఇలాంటి తియ్యటి మాటల వెనక వేషం పీకేయడం ఎన్నిసార్లు చూడలేదు!

సోమవారం ప్రొడక్షన్ మేనేజర్ ఖుదాబఖ్ష్ ఆ మేకను పెరటివైపు లాక్కొచ్చాడు. "భాయ్‌జాన్, ఒక్కసారి దీని తల మీద చెయ్యి పెట్టండి" అన్నాడు.

"ఎవరి కోసం?"

"అడక్కండి. మీ మంచికే."

"నా మంచి ఏమిటో నాకు చెప్పవా?"

"ఒట్టు వేయించుకున్నారు భాయ్‌జాన్. చెయ్యి పెట్టండి చాలు."

పెట్టాను. తర్వాత తిన్నగా బేగ్ సాహెబ్ ముందుకు వెళ్లాను. చుట్టూ అందరూ ఉన్నారు.

"చంపేదేదో మొహం మీద చెప్పి చంపవయ్యా! పెరట్లో మేకను తెచ్చి దొంగచాటుగా కోస్తావా? నువ్వు దర్శకుడివా, కసాయివా?"

ఆయన తెల్లబోయాడు. "ఏం మేక? ఎవరి చావు?"

"ఓహో, నటన నాకే నేర్పుతున్నావా? నీ దయ నాకక్కర్లేదు. రేపే చంపు, నేనే చస్తాను!"

మెహనాజ్ ఆపా నా కుర్తా పట్టుకు లాగింది. "ఊరుకో తుఫైల్, నోరు జారకు" అంది. ఊరుకున్నానా? అందరి ముందూ కసాయి అనిపించుకున్నాక ఆయనకూ రోషం వచ్చింది. "సరే, మీ మాటే కానివ్వండి" అన్నాడు. మర్నాడు కాగితాలొచ్చాయి. చౌదరి హష్మత్ గుండె ఆగి మెట్ల మీద కూలిపోయాడు. ఇంకో నల్లమేక వచ్చింది. దాని తల మీదా చెయ్యి పెట్టాను.

నీకు ఇంతసేపూ చెప్పకుండా దాచింది ఇదే. నన్నెవరూ తీసేయలేదు. నా వేషాన్ని నా నోటితో నేనే చంపుకున్నాను.

కఫన్‌లోంచి లేచి టీ తాగుతుంటే ఖుదాబఖ్ష్ వచ్చి నా పక్కన కూలబడి ఏడ్చాడు.

"వదినమ్మ ఫోన్ చేశారు భాయ్‌జాన్. మీరు తెల్లబట్టల్లో పడుకున్నట్టు కల వచ్చిందట. నల్లమేకనే సద్కా ఇప్పించు, ఆయనకు చెప్పకు, నవ్వుతారు అన్నారు. మొదటి మేక మీ ఆయుష్షు కోసం!"

ఆ రాత్రంతా నీ మీద ప్రేమతో కరిగిపోయాను. తెల్లారేసరికి అనుమానం మొదలైంది. ఇన్నేళ్ల కాపురంలో నీకు కలలొచ్చాయని ఎన్నడైనా చెప్పావా? పడుకుంటే పిడుగుపడ్డా లేవవు. నువ్వు ఎప్పుడు ఫోన్ చేశావని ఖుదాబఖ్ష్‌ను నిలదీశాను. ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకుంటాను, ఇక కరాచీయే మన ఊరని నేను రాసిన ఉత్తరం నీకు అందిన మర్నాడట! ఆ ఉత్తరానికి నువ్వు "మీ ఇష్టం" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నావు. బేగ్ సాహెబ్ మేకల సంగతి నీకు తెలుసు. నా కోపం నీకు ఇంకా బాగా తెలుసు. సద్కా ఇప్పించాలంటే లాహోరులో మేకలు లేవా? మన గల్లీలోనే కోయించవచ్చు కదా. నా కళ్లముందుకే, అదీ నల్లదాన్నే ఎందుకు తోలించావు? నన్ను ఇంత బాగా ఎరిగి ఆడించిన దర్శకుడు నా మొత్తం నటజీవితంలో లేడు.

నిన్న బేగ్ సాహెబ్ మనసు కరిగింది. చౌదరికి ముల్తాన్‌లో కవల తమ్ముడున్నట్టు రాయిస్తానన్నాడు. మీసం తీసేస్తే చాలునట. నేను ఇంకా అవుననలేదు. పెట్టె సర్దుకుని నీ జవాబు కోసం కూర్చున్నాను.

నీ కల నిజమైతే నిన్ను అనుమానించినందుకు క్షమాపణ చెప్పుకుని, మీసం తీసి, ఇక్కడే ఉండిపోతాను. కల అబద్ధమైతే, అదంతా నన్ను ఇంటికి రప్పించుకోవడానికి వేసిన ఎత్తయితే, ఆ రోజే రైలెక్కుతాను. ఒక్క మాట పిలిస్తే రానా? పిలవడం నీకు చేతకాదు, అడగడం నాకు చేతకాదు. గదిలో ఒక్కణ్ణీ కూర్చుని చల్లారిన రొట్టె తినడం ఇక నా వల్ల కావడం లేదు.

అబద్ధమని రాయి సర్వరీ. నిజంగా కల వచ్చినా సరే, అబద్ధమనే రాయి.

ఇట్లు,
ఇంకా మీసం తీయని
నీ భర్త,
తుఫైల్