కొక్కెం దగ్గర నిలబడే మనిషి

మర్రీ నది ఒడ్డు,
సెప్టెంబరు నెలాఖరు.

అమ్మా టెస్సా,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ, అల్లుడు హ్యూ కూడా హోబర్ట్ చలిలో జలుబులూ దగ్గులూ లేకుండా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం ఈ కారవాన్ పార్కు ఆఫీసులో అందింది. అందులో నువ్వడిగిన మొదటి ప్రశ్నకే ముందు జవాబు రాస్తాను. ఫోనులో ఆ మాట వచ్చినప్పుడల్లా మనమిద్దరం మాట మార్చి వానల గురించి మాట్లాడుకుంటున్నాం.

జూన్‌లో, ఆ రోజు, మధ్యాహ్నానికి ఇక్కడికి చేరాం. నది పక్కన చివరి స్థలం ఇచ్చారు. మీ అమ్మ టోపీ పెట్టుకుని దిగి, వెనక నిలబడి చెయ్యి చూపింది. కారు వెనక లాక్కొచ్చిన మన చక్రాల ఇల్లు, కారవాన్, ఒకేసారి సరిగ్గా వెనక్కి వెళ్లింది. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, కారుకు తగిలించిన కొక్కెం విప్పి, కారును పక్కకు తీశాను. ఆమె నీళ్ల గొట్టం తగిలించి టీ కాచింది. టొమాటో, చీజ్ పెట్టిన రొట్టె సగం తిని, భుజం లాగుతోందంది. జాకీ తిప్పినందుకేమో అన్నాను. కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లింది. నేను బయట కూర్చుని మ్యాపు చూసుకున్నాను. సాయంత్రం పిలిస్తే పలకలేదు.

అంబులెన్సు టౌను నుంచి రావాలి. పార్కు చూసుకునే నెరిడా పరుగున వెళ్లి గేటు తీసి పట్టుకుంది. లోపలి దారి మీద ఒక్క బండి లేదు. దారికి అడ్డంగా ఎవరూ ఏదీ పెట్టకూడదన్నది ఇక్కడి మొదటి నియమం. పక్క స్థలంలో ఉండే లెస్టర్ అనే పెద్దమనిషి, వాళ్లు వచ్చేదాకా మీ అమ్మ గుండె మీద చేతులు పెట్టి నొక్కుతూనే ఉన్నాడు. అతనితో అప్పటికి నేను ఒక్క మాటైనా మాట్లాడి ఉండలేదు. ఏమీ లాభం లేకపోయింది. ఆసుపత్రి ఎదురుగా ఉన్నా దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. బాధపడిందా అని అడిగావు. ముఖం చూస్తే అలా అనిపించలేదు. ఇంతకుమించి నాకు తెలియదు.

నీ మిగతా ప్రశ్నలు. నా కారు వెనక కెమెరా బిగిస్తానని హ్యూ అన్నాడు కదా, మంచివాడు, వద్దని చెప్పు. మీ ఇంటి పక్క సందులో కారవాన్ పడుతుంది. గోడ మీది తీగ కత్తిరిస్తే చాలు. ఎప్పుడు వస్తావన్నదానికి చివర్లో రాస్తాను. అంత్యక్రియలయ్యాక, వారంలో కారవాన్ తీసుకుని వచ్చేస్తానని చెప్పి నిన్ను విమానం ఎక్కించాను. మరిచిపోలేదు.

తింటున్నాను. ఆదివారాలు లెస్టర్ భార్య విల్మా వండినదాంట్లో ఒక పళ్లెం ఇచ్చిపోతుంది.

“ఉప్పు సరిపోయిందా?” అంటుంది.

“సరిపోయింది” అంటాను.

“అబద్ధం. మా ఆయనా అలాగే అంటాడు. నేనటు తిరగ్గానే సీసా బోర్లిస్తాడు.”

మొన్న ఎదురు స్థలానికి కొత్త దంపతులొచ్చారు. ఇంటంత కారవాన్. నీకు చిన్నప్పుడే నేర్పాం, గుర్తుందా? బండి వెనక్కి తీసేవాణ్ణి పలకరించకూడదు, చూసి నవ్వకూడదు, అడగనిదే సాయానికి పోకూడదు. చెయ్యి చూపే మనిషి ఒక్కరే ఉండాలి. అందుకని అందరం కుర్చీల్లో కూర్చుని నదిని చూస్తున్నట్టు నటించాం. మొగుడు తోలుతున్నాడు, పెళ్లాం వెనక నిలబడి చెయ్యి చూపుతోంది.

“రానీ, రానీ, రానీ... ఆపు! ఆపమంటే వినపడదా?”

“నువ్వు అద్దంలో కనపడితేగా!”

“నేనిక్కడే చచ్చాను. నీ కళ్లెక్కడున్నాయో!”

“అంత తెలిస్తే నువ్వే వచ్చి తోలు!”

“దిగు మరి! దిగవుగా!”

లెస్టర్ గొంతు తగ్గించి విల్మాతో, “ఇది రేపటిదాకా సాగేట్టుంది. ఇంకో కప్పు పొయ్యవే” అన్నాడు.

“నోరు మూసుకో. మిల్డూరా పార్కులో బండి వెనక్కి తీస్తూ కుళాయి విరగ్గొట్టిన మహానుభావుడెవరో?”

“నేను విరగ్గొట్టలేదు. అదే అడ్డమొచ్చింది.”

నాకు నవ్వొచ్చింది. చాన్నాళ్లయింది నవ్వి. ఎట్టకేలకు బండి కుదురుకున్నాక ఎదుటామె మొగుడి వీపు మీద ఒక్క చరుపు చరిచి, అక్కడే చెయ్యి ఉంచేసింది. నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

ఈ ఉదయం నెరిడా వచ్చింది.

“క్లైవ్ గారూ, బడి సెలవులొచ్చేశాయండీ. ఈ స్థలాన్ని ఒక కుటుంబం ఏడాది ముందే చెప్పిపెట్టుకుంది. నెల దాటి ఎవరినీ ఉంచకూడదు, అయినా మిమ్మల్ని కదపలేదు. రేపు పదిలోపు ఖాళీ చెయ్యాలి.”

“సరే” అన్నాను.

“సరే అని ఇంతకుముందూ అన్నారు.”

“ఈసారి వెళ్తాను. లెస్టర్ వాళ్లు?”

“వాళ్లూ రేపే. పాపం, ఏటా చలికాలానికి ఉత్తరాన వెచ్చటి ఊళ్లకు వెళ్లి ఎండ కాచుకునేవాళ్లు. జూన్ నుంచి చలికాలమంతా ఈ ఒడ్డున వణుకుతూ ఎవరుంటారు చెప్పండి? వారం వారం పొడిగించుకుంటూ వచ్చారు. ఎందుకమ్మా అంటే, ‘ఆయన సాయం అడిగే రోజున మేం లేకపోతే ఎట్లా’ అంది విల్మా.”

“నాతో ఒక్క మాట అనలేదే?”

“మీరు అడగందే ఎలా అంటారండీ? ఇక్కడి పద్ధతి తెలిసీ అడుగుతారేం!”

ఇక నీకు చెప్పని సంగతి. చక్రం బేరింగు పోయిందనీ, కొత్తది రావడం ఆలస్యమవుతోందనీ నీకు రాస్తూ వచ్చాను. బేరింగుకేం కాలేదు. కారవాన్ నిక్షేపంలా ఉంది. కారును వెనక్కి తెచ్చి, సరిగ్గా కొక్కెం కిందికి చేర్చాలంటే ఒకరు అక్కడ నిలబడి చెయ్యి చూపాలి. మన ఇంట్లో ఆ చోటు మీ అమ్మది. ఆ చూపే మనిషి లేక కదల్లేకపోతున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

అదీ నిజం కాదు. ఆగస్టులో ఒక ఉదయం ఒంటరిగా ప్రయత్నించాను. కాస్త వెనక్కి తీయడం, దిగి చూడడం, మళ్లీ ఎక్కడం. చాలాసేపు పట్టింది. చివరికి కారు వెనక గుండూ, కారవాన్ కొక్కెమూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చాయి. కొక్కెం కిందికి దించి బిగించడమే మిగిలింది. టెస్సా, ఆమె లేకుండా ఆ పని అయిపోయింది. కాకపోయినా ఓర్చుకునేవాణ్ణి, అయినందుకు ఓర్చుకోలేకపోయాను. కారును మళ్లీ ముందుకు తీసి, ఇంజను ఆపి, అందులోనే కూర్చుండిపోయాను. తల తిప్పితే లెస్టర్, విల్మా తమ కుర్చీల్లో ఉన్నారు. ఇద్దరూ నదినే చూస్తున్నారు.

ఆ తర్వాతే నీకు రెండోసారి బేరింగు గురించి రాశాను. నువ్వు నమ్మావు. అది ఇంకా భారంగా ఉంది.

మీ అమ్మ దుస్తులు ఈ మధ్యాహ్నం మడతపెట్టి సంచిలో సర్దాను. నీలం స్వెటరు నువ్వు అడిగావు, పైనే పెట్టాను. నది ఒడ్డున చెయ్యాల్సిందేమీ ఇక లేదు.

లెస్టర్ వాళ్లది బల్లారట్. అక్కడిదాకా మాది ఒకే దారి, తర్వాత గీలాంగ్‌లో మీ దీవికి వచ్చే ఓడ ఎక్కుతాను. ఓడలో చోటు దొరికిన రోజున నీకు ఫోను చేస్తాను.

రేపు పొద్దున లేచి, నీళ్ల గొట్టం చుట్టి, వాళ్ల తలుపు తడతాను. విల్మాను కొక్కెం దగ్గర నిలబడి చెయ్యి చూపమని అడుగుతాను. ఒక్కణ్ణే చేసుకోగలనని వాళ్లకు తెలుసు, కళ్లారా చూశారు. అయినా అడుగుతాను.

ఇట్లు,
దారిలో ఉండబోయే
మీ నాన్న.