నాయనమ్మ అలక

టేకులపల్లి,
9 నవంబరు 2024.

చిరంజీవి దీవెనకు,

అమ్మ మహిమ ముద్దులతో రాయునది. మరియమ్మ తల్లి నిన్ను చల్లగా చూడాలని జపమాల పట్టుకున్నప్పుడల్లా వేడుకుంటున్నాను. మీ నాన్నా నేనూ బాగానే ఉన్నాం. నల్లమేక ఈనింది, రెండు పిల్లలు. పత్తి ఏరుడు మొదలైంది కాబట్టి మీ నాన్న ట్రాలీ ఆటోకు కిరాయిలు దొరుకుతున్నాయి. ఇల్లు మాత్రం బోసిగా ఉంది. వాకిలి ఊడుస్తుంటే, "ఆ మూల వదిలినవ్ చూడు" అని అరుగు మీద నుంచి చెప్పే మనిషి లేదు. ఆ మూల ఇప్పుడు రెండుసార్లు ఊడుస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న అందింది. మదర్‌గారు పిలిచి నాయనమ్మ పోయిందని చెప్పాక గుడిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చానని రాశావు. మఠంలో మొదటి ఏడాది ఫోను ఉండదని, ఇంటికి పంపరని తెలిసే వెళ్లావు. తెలిసి వెళ్లినా బాధ బాధే కదా బిడ్డా. నీ ఉత్తరంలో నన్ను పట్టి కుదిపింది చివరి ప్రశ్న. "నా మీద అలక తీరకుండానే పోయిందా అమ్మా?" అని అడిగావు. నువ్వు మఠానికి బయల్దేరిన రోజు ఆమె అలిగి గూడేనికి పోయిందన్న మాట నీకు ఎంత ముల్లై గుచ్చుకుందో నాకు తెలుసు. ముందు ఆమె చివరి రోజులు చెప్పనీ.

వానలు వెనకపట్టాక మంచం పట్టింది. అన్నం సయించలేదు. గంజి నాలుగు గుక్కలు తాగి, చాలన్నట్టు చెయ్యి ఊపేది. కానీ నోరు మాత్రం తగ్గలేదు. నేను పక్కన కూర్చుంటే పాత సంగతులు చెప్పేది. కొన్ని నీకూ తెలుసు. చింతచెట్టు కింద బడి నుంచి వచ్చి ఆమె గంపలో చెయ్యి పెట్టి మొర్రిపండ్లు ఏరుకుని తినేదానివి. గంపంతా ఎండుచేపల వాసన, నీ మూతి మీద పండ్ల రసం. "ఎండుచేపల పండ్లు" అని నువ్వు పేరు పెడితే గూడెం గూడెం తిరిగి చెప్పుకుని నవ్వింది.

నేను ముదిగొండ నుంచి కొత్తకోడలుగా వచ్చినప్పుడు నాకు అడవంటే వణుకు. మాది చుట్టూ పొలాలు, ఎటు చూసినా మనుషులు కనపడే ఊరు. ఆమె నన్ను వెంట తీసుకెళ్లింది. నెత్తిన ఉప్పు గంప, చేతిలో సోల. సోలెడు ఉప్పు పోస్తే గూడెం వాళ్లు తవ్వెడు ఇప్పపువ్వు పోసేవాళ్లు. గూడెం ఇంకా కనపడకముందే చెట్లలో నుంచి, "ఉప్పమ్మా ఉప్పూ, ఎండుచేపలూ!" అని గొంతెత్తేది. కుక్కలు మొరగకుండా ఎదురొచ్చేవి. ప్రతి ఇంటి ముందూ నన్ను నిలబెట్టి, "నా కోడలు. ముదిగొండ పిల్ల. చీకటికి భయపడతది, మీరే చూసుకోవాలె" అని అప్పగించింది. నవ్వుతున్నారని నాకు సిగ్గు. కానీ ఆ తర్వాత ఆ అడవిలో నన్ను పలకరించని మనిషి లేడు.

అడవి గూడెం ముత్తక్క ఆమెకు ఎట్లా తోడయిందో పూర్తిగా నాకు ఈసారే చెప్పింది. మీ తాత పోయినప్పుడు మీ నాన్న చంటివాడు. ఆ చంటిబిడ్డను వీపున కట్టుకుని ఉప్పు అమ్మడానికి పోయేది. ఒక వానాకాలం గూడెంలో ఉండగానే చలిజ్వరం తగిలింది, వెనకాల వాగు పొంగింది. ఇటు రావడానికి లేదు. జ్వరానికి పాలు ఎండిపోయాయి. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడట. అప్పుడు ముత్తక్క, ఎవరని అడగకుండా, తన బిడ్డను ఒక పక్కన, మీ నాన్నను ఒక పక్కన పెట్టుకుని పాలిచ్చింది. వాగు తీసేదాకా అట్లాగే సాకింది. "నేను దేవునికి మొక్కిన, ఆమె కొండకు మొక్కింది. ఎవరు ఇన్నరో ఏమో, పోరడు బతికిండు" అని చెప్పి నాయనమ్మ అటు ఒత్తిగిలింది. మీ నాన్న ముత్తక్కను చిన్నమ్మ అని ఎందుకు పిలుస్తాడో నీకిప్పుడు తెలిసింది కదా.

అక్టోబరులో ఒక పొద్దున మీ నాన్నను పిలిచి, "కొడుకా, నన్నొక్కసారి ముత్తక్క కాడికి తోలుకపో" అన్నది.

ఆయన, "చిన్నమ్మనే ఇంటికి తీసుకొస్తనే, నువ్వు కదలకు" అన్నాడు.

"ఆమె వచ్చుడు వేరు, నేను పోవుడు వేరురా" అన్నది.

ట్రాలీలో వరిగడ్డి పరిచి, బొంతలు వేసి, నేను ఆమెను ఒడిలో పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు వాగు మీద కల్వర్టు పడింది కాబట్టి సాఫీగానే దాటాం. దారిపొడుగునా చెట్ల పేర్లు చెబుతూనే ఉంది. ఫలానా ఇప్పచెట్టు కొట్టేశారని మీ నాన్నను తిట్టింది, ఆయనే కొట్టినట్టు. గూడెం దగ్గరపడగానే ఆటో ఆపమంది. "నన్ను కూసోబెట్టు" అన్నది. కూర్చోబెట్టాను. ఊపిరి కూడదీసుకుని, ఆ సన్నటి గొంతుతో, "ఉప్పమ్మా ఉప్పూ..." అని పిలిచింది.

దీవెనా, ఆ గొంతు పది గజాలు కూడా పోదనుకున్నాను. ఒక ముసలామె గడప దాటి వచ్చింది. ఇంకొకామె. చిన్నపిల్లలకు ఏమీ అర్థం కాక చూస్తున్నారు. ముసలివాళ్లు మాత్రం ఒక్కొక్కరే లేచి వచ్చారు. ముత్తక్క చాట నిండా ఎండు ఇప్పపువ్వు పట్టుకుని వచ్చింది. "ఇంత ఆలిశంగ వస్తె ఎట్లనే? కూరలకు ఉప్పు లేక సచ్చిపోతున్నం" అని కోప్పడింది. నాయనమ్మ నవ్వింది. "గంప ఇంటికాడ మరిసిన" అన్నది. మీ నాన్న అటు తిరిగి ఆటో టైరు చూస్తూ నిలబడ్డాడు.

ఆ వారంలోనే, మధ్యాహ్నం, నేను గంజి చల్లారుస్తుంటే పోయింది. అంతకుముందే ఫాదరుగారు వచ్చి ప్రార్థన చేసి, నుదుట నూనె రాసి కడసారి అభ్యంగనం ఇచ్చారు. నొప్పి అనలేదు, ఎవరినీ కేకెయ్యలేదు.

సమాధి చేసే రోజు గూడెం గూడెమే డోళ్లతో నడిచి వచ్చింది. పెట్టె తామే మోస్తామన్నారు. మన గుడి పెద్ద ఒకాయన, "పాటలు పాడుకుంట పోయే కాడ డోలు ఏంది?" అని అడ్డం నిలబడ్డాడు. మీ నాన్న ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు కదా. ముత్తక్క చెయ్యి పట్టుకుని ముందుకొచ్చి, "ఈమె నాకు పాలిచ్చిన తల్లి. నా తల్లులు ఇద్దరు. ఒక తల్లిని ఇంకో తల్లి సాగనంపుతాంది, ఆపకుండ్రి" అన్నాడు. పట్టుకున్న చెయ్యి వదలలేదు. ఫాదరుగారు ముందుకొచ్చి, సమాధుల గేటు దాకా డోలు, లోపల పాట అన్నారు. అట్లాగే జరిగింది. గూడెం వాళ్లే భుజాన మోశారు.

మన్ను వేసేటప్పుడు ముత్తక్క వంగి వాళ్ల మాటలో ఏదో అన్నది. ఏమన్నావు చిన్నత్తా అని తర్వాత అడిగాను. "జల్దీ పోయి నాకూ ఇంత జాగ పట్టు, ఎనక నేనొస్త అన్న" అని చెప్పింది.

నలభయ్యో రోజు పూజకు ముత్తక్కను తీసుకొస్తానని మీ నాన్న ఇప్పటి నుంచే అంటున్నాడు. నువ్వు వేళకు తిను. మదర్‌గారికి మా వందనాలు చెప్పు. చలి మొదలైంది, తలకు గుడ్డ కట్టుకో.

నిన్ను ప్రతి పూటా తలుచుకునే
మీ అమ్మ,
మహిమ.

తా.క. ఉత్తరం మడతపెట్టి, మళ్లీ విప్పాను. నువ్వు అడిగిన దానికి జవాబు ఇవ్వకుండా అంటించడానికి చెయ్యి రాలేదు. నువ్వు సిస్టరుగా మాటపట్టు తీసుకుని దేవునికి ప్రమాణం చేసేదాకా చెప్పనని నాయనమ్మకు మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను. తప్పు ఉంటే నాదే.

మఠానికి పోతానని నువ్వన్నప్పుడు ఆమె అలిగిన మాట నిజమే. మునిమనుమడికి ఉగ్గు పట్టాలని ఆశ మరి. ఆ అలక వారం కూడా నిలవలేదు. నువ్వు బయల్దేరిన రోజు ఆమె గూడేనికి పోలేదు. ఖమ్మంలో దవాఖానాకు పోయింది. కడుపులో గడ్డ ఉన్నదని, ముక్క తీసి పరీక్ష చెయ్యాలని ఆ రోజే రమ్మన్నారు. ముత్తక్క తోడు పోయింది. నేను పరీక్ష వాయిదా వేద్దామంటే, నీకు అనుమానం వస్తుందని వద్దన్నది. "అలిగి పోయిందని చెప్పుండ్రి. అలక అంటే పిల్ల నవ్వుకుంట పోతది. దవాఖానా అంటే పోదు" అన్నది. నువ్వు నవ్వుకుంటూ పోలేదని ఆమెకు తెలియదు.

ఇంకొకటి నాకూ సమాధి అయిన తర్వాతే తెలిసింది, ముత్తక్క చెప్పింది. పరీక్ష కాగానే నాయనమ్మ ఆటో మాట్లాడి ఖమ్మం బస్టాండుకు పట్టుబట్టి పోయిందట. నేనూ మీ నాన్నా నిన్ను గుంటూరు బస్సెక్కిస్తుంటే, వాళ్లిద్దరూ పండ్ల బండి వెనక నిలబడి ఉన్నారు. నువ్వు కిటికీలో నుంచి అటే చూశావట. నాయనమ్మ గబుక్కున ముత్తక్క వెనక దాక్కుంది. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా చూసి, ముత్తక్క కొంగుతోనే ముఖం తుడుచుకుని, "మంచిగ కూసున్నది. కిటికి పక్కనే దొరికింది. ఇగ ఆకలైతాంది, పా" అన్నదట. ఇద్దరూ హోటల్‌కు పోయి ఇడ్లీ తిన్నారు. తన ప్లేటు అయ్యాక ముత్తక్క ప్లేటులోది కూడా తీసుకుని తిన్నది.

అలిగిన మనిషి అట్లా తింటుందా, నువ్వే చెప్పు బిడ్డా.