నువ్వు పోసిన రన్‌వే, నీ కాకిముద్ద

తమ్ముడూ, ఈరోజు నీ సంవత్సరీకం. దోహాలో నా కొడుకు ఇంటి మిద్దె మీద, నీకిష్టమైన మటన్ కూర కలిపి కాకికి ముద్ద పెట్టాను. కాకి దగ్గరిదాకా వచ్చింది. అంతలో యుద్ధ విమానాలు లేచాయి, అది పారిపోయింది. అవి లేచింది నువ్వు తారు పోసిన రన్‌వే మీది నుంచే. అక్కడే కదా ఎండదెబ్బకు పోయావు!

"మామ అలిగిండేమోనే అమ్మా," అన్నాడు నా కొడుకు.

"అలుగుతే అలగనీ. ఆ పని వద్దురా అని మొత్తుకుంటే విన్నడా?"

ఇప్పటికి నాలుగుసార్లు లేచాయి. ఎవరిళ్ల మీద బాంబులు వేస్తాయో ఏమో. కిందికి పోతే ముద్దను పిల్లి ఎత్తుకుపోతుందని భయం. ఇక్కడే కూర్చున్నాను. ఆకలైతే ఆ విమానాలను నువ్వే ఆపుకో.