తల మీద పిడికిలి

కీర్తిశేషులు దాసరి పౌలు గారి కుమారుడు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాడు, ప్రస్తుతం సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలో సొంత ఇంట కాపురముంటున్నవాడు, వయస్సు డెబ్బై మూడు సంవత్సరములు గల దాసరి జకర్యా అను నేను, నా మనస్సు నిలకడగా ఉండగా, ఎవరి బలవంతము గానీ బోధన గానీ లేకుండా, నా ఇష్టపూర్తిగా వ్రాయించుచున్న వీలునామా ఇది. వచ్చే వారం నాకు గుండె ఆపరేషను. గుండె మొరాయిస్తున్న మాట నిజమే గానీ బుద్ధి బాగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు మా బాస్కెట్‌బాల్ జట్టు ఆడిన ఏ ఆటలోనైనా చివరి క్వార్టరు గురించి నన్ను అడిగి చూసుకోవచ్చు. ఇంతకు ముందు నేను వ్రాసిన వీలునామాలేవీ లేవు.

దీన్ని అడ్వకేటు కాంతమణి గారు వ్రాస్తున్నారు. దస్తావేజులో సొంత కబుర్లు ఎందుకండీ అని ఆవిడ విసుక్కుంటున్నారు. విసుక్కుంటూనే వ్రాస్తున్నారు, అందుకు ఆవిడకు నా కృతజ్ఞతలు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా ఏకైక కుమార్తె ప్రిసిల్లాది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఏ తగువైనా తీర్చింది అదే.

2. సీతాఫల్‌మండిలోని ఇల్లు, దిగువ చెప్పినవి పోను అందులోని సమస్త సామగ్రి నా భార్య ప్రేమమణికి సర్వహక్కులతో చెందవలెను. ప్రేమా, ఆదివారాలు నిన్ను చర్చికి ఒక్కదాన్నే పంపి నేను గ్రౌండుకు పోయాను. నువ్వు తిరిగొచ్చి ప్రసంగమంతా వంటింట్లో నాకు అప్పజెప్పేదానివి. పాస్టరు గారి కంటే నువ్వే బాగా చెప్పేదానివి. ఈ మాట ఆయన ఉండగా చదవవద్దు.

3. నా వాషింగ్ మెషీను మా జట్టు బట్టలు ఉతికే దేవమ్మకు ఇవ్వవలెను. కాలరు మురికి మెషీనుకు పోదని ఆమె వాదన. పోనీ, దుప్పట్లకు వాడుకోమనండి.

4. నా మిత్రుడూ, జట్టులో భాగస్వామీ అయిన సైనిక్‌పురి నివాసి సత్యదేవ్ గారికి నా ఇనుప మడత కుర్చీ. పట్టాలకు పనికిరాని పాత ఇనుముతో నేనే చేసుకున్నది. మనం ఓడిన ప్రతిసారీ ఆయన కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీని తన్నేవారు. ఇకమీదట దీన్ని తన్నమని మనవి. సత్యదేవ్ గారూ, మీ మీద నాకున్న కోపం ఇంతే. పటాలం వదిలి ఇన్నేళ్లయినా మీ దృష్టిలో గట్టిగా అరిచేవాడే నాయకుడు. నా విజిల్ కూడా అడిగారు గానీ, అది మీకిస్తే మీ ఇంట్లోవాళ్లు నన్ను తిట్టుకుంటారు. అది నా శవపేటికలో పెట్టండి.

5. రైల్వేస్ తరఫున ఆడినప్పుడు నాకిచ్చిన నీలం బ్లేజరు నా మనుమడు, ప్రిసిల్లా కొడుకు రోనాల్డ్‌కు. భుజాల దగ్గర బిగుతవుతుంది. వాడు నాకంటే ఎత్తు, నాకంటే మంచి ఆటగాడు. ఈ రెండో మాట వాడి ముందు ఎన్నడూ అనలేదు. ఇప్పుడు కాగితం మీద ఉంది.

6. ఇక అసలు సంగతి. నేనూ సత్యదేవ్ గారూ కలిసి 'సికింద్రాబాద్ షంటర్స్' అను ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టును స్థాపించినప్పుడు వ్రాసుకున్న ఒప్పందం ప్రకారం వ్యాపారం ఆయనది, కెప్టెన్‌ను నియమించే హక్కు నాది. నా తదనంతరం ఆ హక్కును వీలునామా ద్వారా ఒకరికి ఇచ్చుకోవచ్చు. పాత కెప్టెన్ ఈ ఏడు ఆట మానేశాడు. జనవరిలో లీగు మొదలు. స్పాన్సర్లు అప్పుడే రోనాల్డ్ బొమ్మ కింద కెప్టెన్ అని వేసి పోస్టర్లు అచ్చుకొట్టించారు. బంతిని అందరికీ అందించే పాయింట్ గార్డుగా ఆడే విజయేందర్‌కు దమ్ము చాలదని, ఈ ఏడు కాంట్రాక్టు ఇవ్వనక్కర్లేదని సత్యదేవ్ గారు అంటున్నారు.

ఆ దమ్ము సంగతి ఇక్కడ వ్రాయించదలచుకున్నాను. మా జట్టులో ఒక పద్ధతి ఉంది. ఆడుతూ ఆడుతూ ఊపిరి అందనివాడు పిడికిలి బిగించి తల మీద పెట్టుకుంటే చాలు. కోచ్‌గా నేను ఆట ఆపించి వాణ్ణి బయటికి పిలుస్తాను. ఎందుకని అడగను, తిట్టను. కానీ పిడికిలి పెట్టినవాడు ఆ ఆటలో మళ్లీ దిగకూడదు. మంచి పద్ధతే గానీ పోయిన సీజను దాకా దాన్ని వాడినవాడు లేడు. కుర్రాళ్లకు అది నామోషీ.

పోయిన సీజను సెమీఫైనల్ మన ఊళ్లోనే జరిగింది. చివరి నిమిషాల్లో రోనాల్డ్ పిక్కలు పట్టేశాయి. వాడు కుంటుతున్నాడు, అయినా పిడికిలి ఎత్తడు. నా రక్తమే కదా, ఆ పొగరు నాకు తెలుసు. బంతి బయటికి పోయింది. అప్పుడు విజయేందర్ తన పిడికిలి తన తల మీద పెట్టుకున్నాడు. నేను టైమౌట్ తీసుకున్నాను. రోనాల్డ్‌ను కూర్చోబెట్టి కాళ్లు మర్దనా చేశారు, నీళ్లు తాగించారు. వాడు తేరుకుని మళ్లీ దిగి గెలుపు బాస్కెట్ వేశాడు. స్టాండంతా వాడి పేరే అరిచింది.

విజయేందర్ బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. వెనక నుంచి జనం గేలి చేస్తున్నారు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. ఊపిరి మామూలుగా ఉంది. ఇంకో ఆట ఆడగలిగేంత మామూలుగా ఉంది. నేను వాడి మొహంలోకి చూస్తే మెల్లగా ఇలా అన్నాడు: "గా ముచ్చట వానికి చెప్పకుండ్రి సార్. వానికి తెలిస్తే మనసుల పెట్టుకుంటడు, రేపు ఫైనల్ల ఆడలేడు."

నేను మాట ఇవ్వలేదు, తల ఊపాను. ఏడాదిగా తల ఊపుడుకే కట్టుబడి ఉన్నాను. వాడు కూడా నోరు విప్పలేదు. సొంత జట్టువాళ్లే 'ఆస్తమా' అని పిలుస్తుంటే నవ్వి ఊరుకున్నాడు. ఆ పేరు పెట్టింది నువ్వే, రోనాల్డ్.

జట్టుకు షంటర్స్ అని నేను పేరు పెట్టినప్పుడు అందరూ నవ్వారు. షంటింగ్ ఇంజను ఏ ఊరూ పోదు. యార్డులోనే తిరుగుతూ పెట్టెలన్నిటినీ సరైన పట్టాల మీదికి చేర్చి ఆగిపోతుంది. బండి ఢిల్లీ చేరితే దాని ఊసు ఎవరూ ఎత్తరు. నాయకుడంటే నాకు తెలిసింది అంతే. పాయింట్లు ఎక్కువ వేసేవాడు గొప్ప ఆటగాడు, వాడు లేకపోతే ఓడిపోతాం. అయితే పక్కవాడి కాలు ఎప్పుడు పట్టేసిందో వాడి కంటే ముందు తెలుసుకునేవాడు వేరు. వాణ్ణి గెలిపించి, నింద తాను మోసేవాడు వేరు.

ఇంత చెప్పిన మీదట, కెప్టెన్‌ను నియమించే హక్కును నా మనుమడు రోనాల్డ్‌కే ఇస్తున్నాను. వాడు ఎవరి పేరు చెప్పినా, తన పేరే చెప్పుకున్నా, అది చెల్లవలెను. ఏ షరతూ పెట్టను. నాన్నా, తాత కాగితం మీద కెప్టెన్ చేస్తే జట్టు నీ వెంట రాదు. అందుకని నిర్ణయం నీ చేతిలో పెడుతున్నాను. నువ్వు ఏం చేసినా నా ప్రేమలో తేడా ఉండదు. ఇది లాయరమ్మ భాషలో కాదు, తాత భాషలో చెబుతున్నాను.

7. ప్రతి క్లాజుకూ ప్రత్యామ్నాయం ఉండాలని కాంతమణి గారి పట్టు. కావున ఏ కారణం చేతనైనా రోనాల్డ్‌కు పైన ఇచ్చిన హక్కు చెల్లని పక్షంలో, విజయేందర్ షంటర్స్ కెప్టెన్ కావలెను.

8. సాక్షులుగా పక్కింటి అనసూయమ్మ గారు, మా సంఘపెద్ద యెషయా గారు సంతకం చేయుదురు. మా క్రైస్తవుల వీలునామాలో సాక్షి సంతకం పెట్టినవారికి అదే వీలునామా కింద ఇచ్చినదేదీ చెల్లదని చట్టమట. కాబట్టి అనసూయమ్మ గారికి ఇద్దామనుకున్న కరివేపాకు కుండీ ఇప్పుడే ఇచ్చేశాను.

9. ఈ క్లాజు చిత్తుప్రతి చదివి వినిపించిన తర్వాత చేర్చబడినది. చచ్చాక తెలిస్తే నన్ను తిరిగి అడిగే వీలుండదని, రోనాల్డ్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకునే అంతా చదివించాను. ఆరో క్లాజు దగ్గర వాడు తల దించుకున్నాడు. ఎనిమిదో క్లాజు రెండోసారి చదవమని అడిగాడు. తర్వాత లేచి యెషయా గారి చేతిలోని పెన్ను తీసుకున్నాడు. సాక్షిగా సంతకం పెడితే నీకేమీ రాదు బాబూ అని కాంతమణి గారు హెచ్చరించారు. వాడన్న మాటలు ఉన్నవున్నట్టు వ్రాయమన్నాను: "తెలుసు మేడమ్. నేను పేరు చెప్తే వాడు నా దయతో కెప్టెన్ అయితడు. వాడు నన్ను గెలిపిచ్చి అది తన దయ అని చెప్పుకున్నడా? నాకు హక్కే వద్దు."

అని, పెన్ను పట్టుకున్న పిడికిలిని తల మీద పెట్టుకున్నాడు.

నేను పద్ధతి ప్రకారం ఎందుకని అడగలేదు. ప్రేమమణి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అదీ వ్రాయమన్నాను. ఆపరేషను తర్వాత లేచి వస్తే జనవరిలో ఏడో క్లాజులోని ఆ పేరే నా నోటితో ప్రకటిస్తాను.

చట్టం ప్రకారం ఐదో క్లాజులోని బ్లేజరు కూడా వాడికి రాకుండా పోయింది. అందుచేత దాన్ని ఇప్పుడే, నా చేతులతో, వాడికి తొడిగాను. భుజాల దగ్గర బిగుతుగానే ఉంది. బతికున్నవాడు ఇచ్చేదానికి దస్తావేజు అక్కర్లేదు.

చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకుని, ఈ దిగువ సాక్షుల ఎదుట సంతకం చేయడమైనది.

సికింద్రాబాద్, 2025 నవంబరు 15, శనివారం

(సంతకం) దాసరి జకర్యా

దస్తూరి: కాంతమణి, అడ్వకేటు

సాక్షులు:
1. అనసూయమ్మ, సీతాఫల్‌మండి
2. రోనాల్డ్, ఆటగాడు, సికింద్రాబాద్ షంటర్స్