వెనక్కి చూడకుండా వెళ్లాలట

తార్నాక,
జూలై 1967

విమలాబాయి టీచరుగారికి లూదియ తాతయ్య వ్రాయునది. మీకూ మీ తరగతి పిల్లలకూ ప్రభువు కాపుదల ఉండుగాక.

పిల్లను గేటు దగ్గర ఆయమ్మకు అప్పగించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలని మా అందరికీ చెప్పారు. సోమవారం నేను చూశాను. లూదియ ఏడుపందుకుంది, దాన్ని చూసి తరగతంతా ఏడ్చిందట. ఇంకోసారి ఇలాగైతే పిల్లను మాన్పించేస్తామన్నారు. అంతపని చేయకండమ్మా. దాని తల్లికి ఆసుపత్రిలో నర్సు డ్యూటీ, నేనేమో వాక్యం చెప్పడానికి ప్రార్థన కూడికలకని తిరిగేవాణ్ణి. పగలు పిల్లకు మీ బడే నీడ.

మెట్టుగూడ కూడికల్లో, వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభమైపోయిన లోతు భార్య మీద ఎన్నిసార్లు నిప్పులు కురిపించానో! దేవుడు వద్దన్నాక ఎందుకు చూసిందని బల్ల గుద్ది అడిగాను. సోమవారం నేనే స్తంభంలా నిలబడిపోతే పోచమ్మ ఆయమ్మ, "ఏంది తాతా, పోరి మంచిగనే ఉంటది, నువ్వు పో!" అని కసిరింది. తప్పిపోయిన గొర్రె కోసం వెనక్కి వెళ్లిన కాపరి సంగతి చెప్పిందీ నేనే. మీ గేటు దగ్గర ఏ వాక్యం చెల్లుతుందో నాకు బోధపడటం లేదు.

నిన్న మీ మాట ప్రకారం తిరిగి చూడలేదు. వెనక ఏడుపూ వినబడలేదు. సంతోషించాలో దిగులుపడాలో తెలియక యూనివర్సిటీ రోడ్డంతా తిరిగాను.

ఇకమీదట తిరిగి చూడను. మీరు మాత్రం పోచమ్మనడిగి ఒక్క సంగతి చెప్పించండి: నేను మలుపు తిరిగేదాకా పిల్ల నా వైపు చూస్తోందా?

ఇట్లు,
మీ మాట మీరని
లూదియ తాతయ్య