దిండు మీద అద్దం

అమ్మా,
ఈ ఉదయం లేచేసరికి నా దిండు మీద చేతి అద్దం ఉంది. గదిలో నాతో ఉండే నర్సు పెట్టిందట. "ఏం గురకే తల్లీ నీది! ఉన్నట్టుండి ఆగిపోయింది. ముక్కు దగ్గర అద్దం పెడితే ఆవిరి కూడా పట్టలేదు. పట్టి కుదిపితే అప్పుడు ఊపిరి పీల్చావు" అంది. నేను హాయిగా నిద్రపోయాననే అనుకున్నాను.

పోయిన వారం నా ముక్కులోంచి చిన్న కండ ముక్క తీశారు. పేరు లేకుండా, నంబరుతో, అది మా ల్యాబుకే వచ్చింది. నేనే పల్చగా కోసి రంగు పట్టించాను. మైక్రోస్కోపులో చూసిన పెద్ద డాక్టరమ్మ, "లోపలి పొరంతా వాచి దళసరెక్కింది, దుమ్మును ఆపే సన్నటి నూగు మిగల్లేదు. పాపం, ఈ మనిషికి నిద్రెలా పడుతోందో!" అన్నారు. నా నంబరున్న ఆ గాజు పలకను తీసి డబ్బాలో సర్దేశాను.

నానమ్మ నిద్రలోనే హాయిగా పోయిందంటారు కదా, ఆమె గురక కూడా ఇలాగే మధ్యలో ఆగేదా? నాన్నను అడిగి రాయి. నా ఉన్ని శాలువా పంపు. తమ్ముడు మందులు మింగుతున్నాడా, పారేస్తున్నాడా?

ఆపరేషన్‌తో నయమవుతుందట. కంగారుపడి బయలుదేరకు. నాన్నకు నమస్కారాలు, తమ్ముడికి ముద్దులు.

రేపటి నుంచి నర్సుకు రాత్రి డ్యూటీ. గదిలో నేనొక్కదాన్నే పడుకుంటాను.